కట్టు దెబ్బ

మా అత్తగారింట్లో అన్నానికి ఎవరినీ పేరు పెట్టి పిలవరు. గిన్నె అంచు మీద గరిటెతో మూడుసార్లు కొడతారు. విన్నవాళ్ళు ఎక్కడున్నా సరే, గోడ మీదో తలుపు మీదో రెండుసార్లు కొట్టి, వచ్చి కూర్చుంటారు. కంభం నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఇది చూసి, ఈ ఇంటివాళ్ళకు మాటలంటే ఎందుకింత పొదుపు అనుకున్నాను. కొన్నాళ్ళకు నా చెయ్యి కూడా దానంతటదే మూడు కొట్టడం నేర్చుకుంది.

ఆ అలవాటు గనిలోంచి ఇంటికి వచ్చింది. మా మామగారు శ్రీరాములు తర్లుపాడు దారిలోని పలకరాయి గనుల్లో పనిచేసేవారు. గనిలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవకూడదట. పిలిస్తే, ఆ మనిషి కంటే ముందు వేరే ఏదో పలుకుతుందట. అందుకని సుత్తితో మాట్లాడుకునేవారు. ఒడ్డున ఉన్నవాళ్ళు రాయి మీద మూడు కొడితే, ఉన్నారా అని. లోపలివాళ్ళు రెండు కొడితే, ఉన్నాం అని. సాయంత్రం చివరగా పైకెక్కినవాడు వెనక్కి తిరిగి, ఒడ్డురాయి మీద ఒకే ఒక్క దెబ్బ కొడతాడు. లోపల ఇక ఎవరూ లేరు, దుకాణం కట్టేసినట్టు గని కట్టేశాం అని దాని అర్థం. దాన్ని కట్టు దెబ్బ అంటారు. లోపల మనిషి ఉండగా ఆ దెబ్బ కొట్టకూడదు. లోపల మనిషి ఉండగా ఒడ్డు విడిచి పోకూడదు కూడా.

మామగారు పోయిన రోజున ఒడ్డున ఎవరూ నిలవలేదు, కట్టు దెబ్బ కూడా పడలేదు. గని పక్కగోడ విరిగిపడితే మిగతావాళ్ళంతా రోడ్డు దాకా పరుగెత్తారు. మనిషి దొరకలేదు. వారం తిరగకముందే లోపల నీళ్ళు ఊరాయి, యజమాని గని పని ఆపేశాడు. దర్భతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. మా అత్త నాగులమ్మ ఏడవకుండా, మూడు కొట్టి చూడండయ్యా, మూడు కొట్టి చూడండయ్యా అని ఆ ఒడ్డునే తిరిగిందట. ఎవరూ కొట్టలేదు. రెండు వినబడితే ఏం చేయాలో ఎవరికీ తెలియదు కాబట్టి.

అప్పటికి మా ఆడపడుచు రాధాకుమారి ఒళ్ళో పలక పెట్టుకుని అక్షరాలు దిద్దుతోంది. ఇప్పుడు ఇటలీలో ఒక ఇంజనీరింగ్ యూనివర్సిటీలో రాళ్ళ మీద పరిశోధన చేస్తుంది. పీహెచ్‌డీకని వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మొన్న ఆగస్టులో, అక్కడి యూనివర్సిటీలన్నీ సెలవులకు మూసేసే నెలలో, రెండు పెట్టెలతో దిగింది. ఒక పెట్టెలో బట్టలు. ఇంకో పెట్టెలో వైర్లు, బొత్తాలంత సెన్సార్లు, స్పాంజిలో చుట్టిన యంత్రం.

"ఏందే, ఇటలీలో రాళ్ళు కరువైనాయా? మన రాళ్ళకొచ్చినావు?" అన్నాడు మా ఆయన శివనాగరాజు. ఆయనకు మార్కాపురంలో బండల దుకాణం. రాయి గురించి ఎవరు మాట్లాడినా బేరానికి వచ్చారనుకుంటాడు.

"ఉన్నాయన్నా. ఆడ బడిలో నల్లబల్లను లవాన్యా అంటారు. అది పలకరాయి దొరికే ఊరి పేరు. మన మార్కాపురం మాదిరే. ఆ రాయి కూడా మంచిదే. కానీ పలకదు."

"రాయి పలకడమేందే?"

"పలక పలకదా?" అని నవ్వింది. నేను వంటింట్లోంచి గిన్నె మీద మూడు కొట్టాను. తన వేళ్ళు తలుపు చెక్క మీద రెండు కొట్టాయి. చిన్నప్పటి నుంచీ రాధ దెబ్బ అదేనట, రెండూ సమానంగా, తొందరగా, స్నానాల గది బయట నిలబడ్డ పిల్ల కొట్టినట్టు.

రాత్రి రొట్టెలు చేస్తూ విషయం అడిగాను. నేను బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివాను, చెబితే అర్థమవుతుంది. రాధ పిండి ముద్దలు చేస్తూ చెప్పింది.

"మొదట్లో ఏడాదికొకసారి ఇచ్చే పరిశోధన జీతాలు వదినా. ఏడాది దాటితే మళ్ళా అర్జీ రాసుకోవాల. అట్ల చానా ఏండ్లు పోయినాయి. ఇప్పుడున్నది గడువు ఉద్యోగం. దేశం మొత్తానికి ఒక అర్హత ఉంటాది, అది తెచ్చుకున్నా. ఇంక మా డిపార్ట్‌మెంట్ కమిటీ ఒప్పుకోవాల. అక్టోబరులో. ఒప్పుకుంటే అసోసియేట్ ప్రొఫెసర్ని, పర్మనెంటు. ఒప్పుకోకుంటే జీతమూ లేదు, ఆ జీతం చూసి ఆ దేశంలో ఉండనిచ్చిన అనుమతీ లేదు."

"ఒప్పుకోరా?"

రాధ ఒక ముద్దను మళ్ళీ నలిపి చేసింది. అది బాగానే ఉంది, నలపాల్సిన పని లేదు.

తన పని ఇదీ. రాయి విరిగే ముందు లోపల సన్నగా చప్పుడు చేస్తుంది. మనిషి చెవికి అందదు, సెన్సారుకు అందుతుంది. ఆ చప్పుళ్ళను బట్టి గని కూలబోతోందని ముందే చెప్పవచ్చు. నాయన గనిలో పోయిన పిల్ల ఆ పని ఎందుకు ఎంచుకుందో నేను అడగలేదు. సెన్సారు సరిగా పట్టుకుందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉందట. క్లిక్ పెన్సిల్ లెడ్డును రాయికి ఆనించి విరుస్తారు. ఆ చిటుకు తెర మీద గీతగా వస్తే సెన్సారు పనిచేస్తున్నట్టు. రాధ ప్రతిసారీ మూడుసార్లు విరుస్తుంది. అంతకుముందు వచ్చినప్పుడు గని దగ్గరి గుట్టలోంచి తీసుకెళ్ళిన రాయి మీద అలా విరిస్తే, మూడు గీతల తర్వాత, ఏమీ చేయకుండానే, ఇంకో రెండు గీతలు వచ్చాయి. మార్కాపురం రాయి పొరల్లో చప్పుడు తిరిగొచ్చే తీరు అది అని వ్యాసం రాసింది. ఆ వ్యాసంతోనే పేరొచ్చింది.

"అయితే ఇంకేం?"

"నేను విరిస్తే వస్తాది. ల్యాబులో నాతో పనిచేసే పిల్ల విరిస్తే రాదు. కమిటీలో ఒకాయన నవ్వుతా అడిగినాడు, రాయికి మీరంటే ఇష్టమా అని. ఇంజనీరింగులో అంతకంటే పెద్ద తిట్టు లేదు వదినా. రాయి పుట్టిన చోటనే కొలిచి చూపించమన్నారు. అది చూపించకపోతే ఇన్నేండ్లూ గాలికే."

మూడు, రెండు. నాకు ఆ లెక్క వినగానే పెనం మీద రొట్టె తిప్పడం మరిచిపోయాను. రాధ ముఖం చూశాను. తనకు తెలుసు. తెలిసి ఆ మాట అనకుండా ఉంది. నేను మాడిన రొట్టె తీసి పక్కన పెట్టాను.

మరుసటి రోజు స్కూటీ మీద ఇద్దరం వెళ్ళాం. గని దగ్గర పేతురు మేకలు మేపుకుంటున్నాడు. మామగారితో కలిసి పనిచేసినవాడు, ఆ రోజు పరుగెత్తినవాళ్ళలో ఒకడు. ముళ్ళకంప పక్కకు లాగి దారి ఇచ్చాడు గానీ, గని అంచు దాకా రాలేదు.

ఎండాకాలం పోయినా వానలు పడలేదు. నీళ్ళు బాగా కిందికి దిగి నల్లగా ఉన్నాయి. రాతిలో చెక్కిన మెట్లు నీళ్ళకు పైనున్న ఒక అరుగు దాకా పోతాయి. పైన మిట్టమధ్యాహ్నపు ఎండ కాలుతోంది. అరుగు మీదకు దిగేసరికి చలి. రాధ రాయి మీద సెన్సార్లు అతికించి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, పెన్సిల్ తీసింది.

పైనుంచి పేతురు అరిచాడు. "ఏం చేస్తాండావు పాపా?"

"పెన్సిల్ విరుస్తాండా చిన్నాయనా."

"పెన్సిల్ విరిచేదానికి ఇటలీ పోవాల్నా? మా మనవడు దినామూ ఉత్తపున్యానికి విరుస్తాడు!"

ముగ్గురం నవ్వాం. నవ్వు గని గోడలకు తగిలి తిరిగి రావాలి. రాలేదు. రాధ మూడుసార్లు విరిచింది. తెర మీద మూడు గీతలు లేచాయి. కాస్త ఆగి, ఇంకో రెండు. మొదటిది పొడుగ్గా, రెండోది దాంట్లో సగం.

"చూసినావా?" అంది రాధ. కళ్ళలో నీళ్ళు. ఉద్యోగం నిలబడిందని వచ్చిన నీళ్ళవి. అలాగే అనుకున్నాను.

రోజూ వెళ్ళాం. రోజూ అంతే. నన్ను విరవమంటే నేను విరిచాను, నాకు రాలేదు. రాధ ముఖం వాడింది. ఇటలీలో ఉన్న చిక్కే ఇక్కడా ఉంది.

తప్పు ఇంట్లో జరిగింది. ఒక మధ్యాహ్నం రాధ ఆ చప్పుళ్ళను మనిషి చెవికి అందేటంత నెమ్మది చేసి, ల్యాప్‌టాప్‌లో వింటోంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది గానీ దాని వైరు సరిగా దూర్చలేదు. చప్పుడు గది అంతా వచ్చింది. టక్, టక్, టక్. ఆగి, ఠక్. ఆ వెనకే, సుత్తి జారినట్టు మెత్తగా, టప్.

మా అత్త గడప దగ్గర గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. చేట పక్కన పెట్టి లేచింది.

"మళ్ళా పెట్టుమే," అంది.

రాధ మూయబోయింది. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. మళ్ళీ వింది. కళ్ళు మూసుకుని వింది.

"మీ నాయన," అంది. "బొటనవేలు నలిగినప్పటి నుంచి రెండో దెబ్బ జారుతాది. అన్నానికి పిలిస్తే గోడ మీద అట్లనే కొట్టేవాడు. నువ్వు ఎన్నాళ్ళ నుంచి వింటాండావే ఇది?"

రాధ తల దించుకుంది. "అది రాయి చప్పుడమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేండ్లు."

"నాలుగేండ్ల నుంచి మీ నాయన ఉన్నా ఉన్నా అంటాంటే, నువ్వు ఉన్నావా ఉన్నావా అని అడుగుతానే ఉన్నావు. ఎక్కి రా అని ఒక్కసారన్నా అన్నావా? పోనీ, ఇంక చాలు పో అన్నావా?"

రాధ ల్యాప్‌టాప్ మూసేసింది. మా ఆయన సాయంత్రం వచ్చి, అది విని, "పొరల్లో గాలి ఉంటే రాయి అట్లనే చప్పుడు చేస్తాది. బండలు కోసేటప్పుడు నేను రోజూ వింటా. మీరు చదువుకున్నోళ్ళు, మీకెందుకే ఈ పిచ్చి?" అని టీవీ పెట్టుకున్నాడు. శబ్దం రోజూ కంటే ఎక్కువ పెట్టాడు.

అత్త పట్టు పట్టింది. కట్టు దెబ్బ కొట్టాలి. ఆ రోజు కొట్టనిది ఇప్పుడు కొట్టాలి. కొడితే ఆయన వెళ్ళిపోతాడు.

"కొడితే ఇంక చప్పుడు రాదమ్మా," అంది రాధ. "ల్యాబులో రాయి కూడా పలకదేమో. నా ఉద్యోగమే అది."

"ఉద్యోగం కోసం మీ నాయన్ను నీళ్ళల్లో నిలబెడతావా?"

"ఈ ఒక్క సెలవు. కమిటీకి చూపించేదానికి కావాల్సింది తీసుకోనీ. ఆఖరి రోజు నువ్వే కొట్టు."

అత్త ఒప్పుకుంది. ఆ తర్వాత రోజుల్లో ఒక్కసారి కూడా కూతురి ముఖం చూసి మాట్లాడలేదు. అన్నం మాత్రం వేడిగా పెట్టింది.

రాధ ఇటలీ బయలుదేరే ముందు రోజు ముగ్గురం ఆటోలో గనికి వెళ్ళాం. అత్త మామగారి సుత్తిని కొంగులో చుట్టి తెచ్చింది. ఒడ్డురాయి దగ్గర నిలబడింది. ఆ రాయి నడుమ ఎన్నో సాయంత్రాల దెబ్బలకు గుంత పడి, చిన్న దీపపు ప్రమిదలా ఉంది.

రాధ అరుగు మీదకు దిగి చివరిసారి పెన్సిల్ విరిచి వచ్చింది. పైకెక్కాక అమ్మ చేతిలోని సుత్తి వైపు చూస్తూ నిలబడింది.

"అమ్మా, నేను కొడతా. నాకూ నాయనే గదా."

అత్త సుత్తి ఇచ్చింది. కన్నీళ్ళు పెట్టుకుంది. కూతురు దారికి వచ్చిందనుకుంది. నేనూ అనుకున్నాను.

రాధ సుత్తి తీసుకుని మళ్ళీ మెట్లు దిగింది.

"ఏడికి పోతాండావే?" అత్త అరిచింది. పేరు పెట్టి పిలవకూడదు కాబట్టి పేరు లేకుండా అరిచింది. "ఒడ్డున కొట్టాల! మే! ఒడ్డున!"

అప్పుడు నాకు అర్థమైంది. ఒడ్డురాయి గని గోడకు తగలదు, మధ్యలో మట్టి ఉంది. అక్కడ కొడితే సెన్సారుకు అందదు. ఈ దెబ్బకు ముందు రెండు గీతలున్నాయి, ఈ దెబ్బ తర్వాత లేవు, కాబట్టి అవి తన చేతివి కావు, రాయివే అని కమిటీకి చూపించాలంటే ఆ దెబ్బ తెర మీద పడాలి. రాధ సెన్సారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. సుత్తి ఎత్తి, రాయి మీద ఒక్కటి కొట్టింది.

చప్పుడు పెద్దగా లేదు. కానీ ఆ తర్వాత నీటి మీద పావురాల రెక్కల చప్పుడు లేదు, దూరాన బోరు మోటారు చప్పుడు లేదు. పేతురు మేకలన్నీ ఒకేసారి తలలెత్తి గని వైపు చూశాయి. కాసేపే. మళ్ళీ అన్నీ మామూలే.

రాధ ఇంకో మూడుసార్లు పెన్సిల్ విరిచి, తెర చూసి, నవ్వుతూ పైకి వచ్చింది. "వచ్చింది వదినా! ముందు రెండు, దెబ్బ, ఆ తర్వాత ఖాళీ. ఇంత చక్కగా ఎవరికీ రాదు!"

"లోపల నిలబడి కట్టేసినావు," అంది అత్త.

"అయితే పైన ఇంకోసారి కొడదాం, అంతే గదా?"

"ఒకసారి కట్టినదాన్ని మళ్ళా కట్టరు."

పేతురు ముళ్ళకంప అవతల నుంచి అంతా చూస్తున్నాడు. తువ్వాలు తల మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. మనిషి పోయినప్పుడు మగవాళ్ళు అలా తీస్తారు.

ఆ రాత్రి అన్నానికి నేను గిన్నె మీద కొట్టలేదు. ఎందుకో భయం వేసింది. "రాధా, అన్నానికి రా," అని పిలిచాను. ముందు గదిలో సర్దిన పెట్టెల మధ్య కూర్చుని గోడ వైపు చూస్తోంది. మళ్ళీ పిలిచాను. భుజం కూడా కదలలేదు. వెనక్కి వచ్చి చారు వడ్డిస్తుంటే గరిటె గిన్నెకు తగిలి మూడుసార్లు మోగింది. ముందు గదిలోంచి రెండు దెబ్బలు, సమానంగా, తొందరగా. వెళ్ళి చూస్తే రాధ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

పొద్దున హైదరాబాదు బస్సెక్కేటప్పుడు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. వేళ్ళ చివరలు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

అక్టోబరులో కమిటీ ఒప్పుకుంది. మా ఆయన దుకాణం ముందు ఫ్లెక్సీ కట్టించాడు, రాధ ఫొటో, పెద్ద అక్షరాల్లో పేరు, కింద అసోసియేట్ ప్రొఫెసర్, ఇటలీ అని. బండలు కొనడానికి వచ్చినవాళ్ళందరికీ లడ్లు పెట్టాడు. సాయంత్రం ఇంట్లో వీడియో కాల్.

"రాధా!" అన్నాడు మా ఆయన.

"అన్నయ్యా!" అని వెంటనే పలికింది. ఆ మాట ఇంకా పూర్తి కాకముందే పలికింది.

ముఖం కళకళలాడుతోంది. జుట్టు చక్కగా దువ్వుకుంది. వెనక కిటికీలోంచి ఎండ పడుతోంది. "ఇప్పుడు ల్యాబులో ఎవరు విరిచినా రెండు గీతలు వస్తున్నాయి. ప్రొఫెసర్లు వచ్చి స్వయంగా చేసి చూశారు. చాలా సంతోషంగా ఉంది. నాన్నగారు ఉంటే ఎంత సంతోషించేవారో!"

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను అత్త వైపు చూశాను, అత్త నా వైపు చూసింది. మా ఇంట్లో నాన్నగారు అనే మాట లేదు. నాయన. అన్నయ్యా అనే మాట కూడా లేదు. అన్నా. రాధ అన్నేళ్ళు ఇటలీలో ఉండి కూడా ఒక్కనాడూ వస్తున్నాయి, చూశారు అని మాట్లాడలేదు.

"కమిటీకి పనికొచ్చిందన్నమాట ఆ దెబ్బ," అన్నాను. "ఆ తర్వాత చప్పుడు ఉండదన్నావు గదా. మరి ల్యాబులో ఎట్ల వస్తాది?"

"కొన్నాళ్ళు రాలేదు వదినా. తర్వాత మొదలైంది. ఇప్పుడు వచ్చేవి ఇంకా స్పష్టంగా ఉన్నాయి. రెండూ ఒకే పొడవు." ఆ చప్పుడు వినిపించింది కూడా. టక్ టక్. సమానంగా, తొందరగా.

అత్త ముందుకు వంగి, ఫోను ఆనించిన ఇత్తడి చెంబు మీద గోటితో మూడుసార్లు కొట్టింది. ఆగింది.

తెర మీద రాధ తల కొంచెం పక్కకు వంచి నవ్వింది. "ఏమిటమ్మా ఆ చప్పుడు?"

అత్త లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను ఫోను దగ్గరికి జరిగి అన్నాను. "ఒకసారి రా రాధా. గనిలోకి దిగి ఎక్కుదువు గానీ. అత్తకు మనసు కుదుటపడుతుంది."

"ఎందుకు వదినా? ఇక ఎక్కడికీ రావలసిన పని లేదు. పర్మనెంటు అయింది కదా."

ఫోను పెట్టాక మా ఆయన అన్నాడు. "చూసినావా భ్రమరా, ప్రొఫెసర్ అయితే భాష కూడా బాగుపడింది."

మరునాడు వంట తొందరగా ముగించి అత్తను స్కూటీ మీద ఎక్కించుకున్నాను. మధ్యాహ్నానికి గని ఒడ్డున ఉన్నాం. ఈ మధ్య రెండు వానలు పడ్డాయి, నీళ్ళు పెరిగి అరుగు మునిగింది. రాధ కూర్చున్న చోటు కనబడటం లేదు.

అత్త కొంగులోంచి సుత్తి తీసింది. నాడు ఎవరూ కొట్టనిది కొట్టింది. ఒడ్డురాయి మీద మూడు దెబ్బలు.

మట్టి అడ్డం ఉంది కాబట్టి ఆ చప్పుడు లోపలికి పోకూడదు. లోపలిది బయటికి రాకూడదు. నా చదువు ప్రకారం అంతే.

నీళ్ళ కింద నుంచి రెండు వచ్చాయి. సమానంగా, తొందరగా. బయట చాలాసేపు నిలబడి విసిగిన పిల్ల కొట్టినట్టు.

నా చేతిలో ఫోను మోగింది. రాధ పేరు. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను. "వదినా," అంది హుషారుగా, "గాలి చప్పుడు వస్తోంది, ఎక్కడున్నారు మీరు? అమ్మ కూడా ఉందా? ఒకసారి నన్ను పిలవమనండి, వింటాను."

అత్త ఒడ్డున చతికిలబడి కూర్చుంది. సుత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఇక అక్కడి నుంచి లేచేలా లేదు. పేతురు మేకలను విడిచిపెట్టి, ఇన్నేళ్ళలో మొదటిసారి అంచు దాకా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"అది పెట్టెయ్ భ్రమరా," అంది అత్త, నీళ్ళ మీది నుంచి చూపు తిప్పకుండా. "బిడ్డ ఈడ పలుకుతాంది."